సబ్‌వూఫర్ కాలకుండా మోగాలంటే

(ఫైనలియర్ బి.యస్సి. విద్యార్థి)

గౌలీపురాలో మా మామయ్య కారు డిక్కీలో సబ్‌వూఫర్ పెట్టించిన మూడో రోజునే వార్నిష్ కాలిన వాసన వచ్చి, మోత ఆగిపోయింది. "పవర్ జ్యాదా హోగయా, బేటా" అన్నాడు బిగించిన ఉస్తాద్. మామయ్య నావైపు తిరిగి, "ఫిజిక్సు చదువుతున్నావు గదా, నిజమేనంటావా?" అన్నారు. జవాబు చెప్పలేకపోయాను. తరువాత చదివీ, స్పీకరు విప్పి చూసీ తెలుసుకున్నది వ్రాస్తున్నాను.

స్పీకరు రెండు విధాల చెడుతుంది. కోన్ హద్దు మీరి ఊగి చిరగడం ఒకటి. లోపలి వాయిస్ కాయిల్ వేడెక్కి కాలడం రెండోది. మాది రెండోదే, తీగె నల్లబడిపోయింది.

యాంప్లిఫయరు 300 వాట్లు, స్పీకరూ 300 వాట్లే. మరి ఎట్లా కాలింది? కిటుకంతా ఇక్కడే ఉంది. యాంప్లిఫయరును దాని శక్తికి మించి లాగితే సైన్ తరంగపు తలలు తెగిపోతాయి. దీన్నే క్లిప్పింగ్ అంటారు. తరంగం పూర్తిగా చదునై చతురస్రమైతే, అదే గరిష్ఠ వోల్టేజికి రెండింతల శక్తి కాయిల్‌లోకి పోతుంది. గెయిన్ నాబ్‌ను వాల్యూమ్ అనుకుని మేం చివరికంటా తిప్పాం. నిజానికది స్టీరియో నుంచి వచ్చే వోల్టేజికి యాంప్లిఫయరును సరిపెట్టేది మాత్రమే.

సరిచేయడానికి ముందు స్పీకరు తీగెలు ఊడదీసి, అవి ఒకదానికొకటి తగలకుండా చూడాలి. బాస్ బూస్ట్, లౌడ్‌నెస్ తీసేసి, గెయిన్ బొత్తిగా తగ్గించి, స్టీరియో వాల్యూమ్ ముప్పాతిక వంతు పెట్టి 50 హెర్ట్జ్ స్వరం మోగించాలి. యాంప్లిఫయరు కొసల వద్ద మల్టీమీటరుతో ఏ.సీ. వోల్టులు చూడాలి. వాట్లను ఓములతో గుణించి వర్గమూలం తీస్తే కావలసిన వోల్టేజి వస్తుంది. 300 వాట్లు, 4 ఓములైతే 1200కు వర్గమూలం, దాదాపు 34.6. గెయిన్ అక్కడిదాకానే, మెల్లగా. అట్టపెట్టె మీద పెద్దక్షరాల్లో వేసే 'మ్యాక్స్' వాట్లు నమ్మకండి, ఆర్.ఎం.ఎస్. అంకె చూడండి. యాంప్లిఫయరుకూ స్పీకరుకూ ఉన్న అంకెల్లో చిన్నదే లెక్కకు తీసుకోవాలి.

లో-పాస్ ఫిల్టరు 80 హెర్ట్జ్ దగ్గర చాలు. పెట్టెకు గాలిరంధ్రం ఉంటే సబ్‌సానిక్ ఫిల్టరు కూడా తప్పదు. రంధ్రాన్ని శ్రుతి చేసిన పౌనఃపున్యం కన్నా కింద కోన్‌కు గాలి ఆసరా ఉండదు, వృథాగా ఊగుతుంది.

కాయిల్ మళ్ళీ చుట్టించి, ఈ పద్ధతినే పెట్టాం. ఉస్తాద్ మీటరు చూసి "బస్, ఇత్నాచ్?" అని నవ్వాడు. మామయ్య మాత్రం గెయిన్ నాబ్ మీద టేపు అంటించేశారు.