పరదేశంలో అమెరికా పూటకూటిల్లు: భోక్తల అభిప్రాయ విచారణ

ఉర్దూలోని 'జాయిఖా', 'జౌఖ్' అనే రెండు మాటలూ ఒకే అరబ్బీ ధాతువు నుంచి పుట్టినవి. మొదటిది నాలుకకు తెలిసేది, రెండవది మనసుకు తెలిసేది. తెలుగులో 'రుచి'కీ 'అభిరుచి'కీ గల సంబంధం కూడ ఇట్టిదే. మూలం ఒక్కటే అయినందువల్ల కాబోలు, ఈ రెంటినీ మనం తరచు కలగలిపి మాట్లాడుతుంటాం. భోజనశాల నుంచి బయటికి వచ్చిన మనిషి "బాగాలేదు" అన్నప్పుడు, ఆ తీర్పు చెప్పినది అతని నాలుకా, అతని అభిరుచా, లేక అతని జేబా అని ప్రశ్నించుకొనేవారు అరుదు. ఈ వ్యాసంలో మేము విచారింపదలచినది ఆ ప్రశ్ననే. ఉదాహరణకు మేము ఎన్నుకొన్నది మన ఊరి హోటలు కాదు, అమెరికా దేశపు 'డైనరు'. అదీ అమెరికాలో ఉన్నది కాదు, సముద్రం దాటి పారిస్‌లోనో లండన్‌లోనో వెలసినది. సొంత వంటను విచారించేటప్పుడు మమకారం అడ్డు వస్తుంది. పరాయి పళ్ళెం మీద చూపు కొంత నిలకడగా ఉంటుంది.

డైనరు పుట్టుక మిక్కిలి సామాన్యమైనది. 1872లో రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్ నగరంలో వాల్టర్ స్కాట్ అనే వ్యక్తి (నవలాకారుడైన స్కాట్ కాదు, పేరు మాత్రమే అదే) గుర్రపు బండిలో తినుబండారాలు పెట్టుకొని, రాత్రివేళ ఒక పత్రికా కార్యాలయం ముందు నిలిపి అమ్మేవాడు. హోటళ్ళు మూతపడిన వేళ ఆకలిగొన్న అచ్చుయంత్రాల కార్మికులే అతని తొలి భోక్తలు. 1887లో వూస్టర్ నగరంలో శామ్యూల్ జోన్స్ అనే అతడు, కొనేవారు లోపలికి వచ్చి చలికీ వానకూ తడవకుండ నిలబడి తినే వీలుగల బండిని నడిపాడు. పిదప చక్రాలు పోయి, బండి నేలమీద స్థిరపడింది. 1906లో స్థాపించబడిన వూస్టర్ లంచ్ కార్ కంపెనీ వంటి సంస్థలు డైనరు మొత్తాన్నీ కర్మాగారంలోనే కట్టి, సిద్ధమైన దానిని కోరిన చోటికి చేరవేసేవి. అందుకే దాని రూపం రైలుపెట్టెలాగ పొడవుగా, ఇరుకుగా ఉంటుంది. పాత రైలుపెట్టెలనే హోటళ్ళుగా మార్చారన్నది జనంలో ఉన్న అపోహ. అట్టివి కొన్ని లేకపోలేదు గాని, ఎక్కువ భాగం హోటళ్ళుగానే పుట్టినవి. ఒక ప్రక్క పొడవాటి బల్ల, దానిముందు గుండ్రని ఎత్తుపీటలు, ఎదుటనే పెనము, కప్పు ఖాళీ కాగానే మళ్ళీ నింపే కాఫీ: ఇదీ దాని స్వరూపం. అమెరికా ఈశాన్య రాష్ట్రాలలో వీటిని నడిపినవారిలో గ్రీసు దేశం నుంచి వలస వచ్చినవారు చాలమంది. అంటే, అమెరికా గడ్డపై అచ్చమైన అమెరికా వంటను వండి పెట్టినవారు పరదేశీయులే.

ఇట్టి పూటకూటిల్లు పరదేశానికి వెళ్ళినప్పుడు దానికి రెండు రకాల భోక్తలు వస్తారు. ఒకరు ఇంటిమీద బెంగపెట్టుకొన్న అమెరికనులు. మరొకరు ఎన్నడూ అమెరికా చూడని స్థానికులు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చొని ఒకే పళ్ళెం తింటారు గాని, తీర్పు చెప్పేటప్పుడు ఇద్దరి చేతిలోనూ ఉన్న కొలమానం వేరు.

పారిస్‌నే తీసుకొందాం. హాలీవుడ్‌లో సినిమా రంగంలో పనిచేసిన క్రెయిగ్ కార్ల్‌సన్ అనే అమెరికను 2003లో అక్కడి లాటిన్ క్వార్టర్ ప్రాంతంలో 'బ్రేక్‌ఫాస్ట్ ఇన్ అమెరికా' అనే డైనరును తెరిచాడు. వంటకళకు తామే గురువులమని నమ్మే నగరంలో పాన్‌కేకులు, వేయించిన గుడ్లు అమ్మబూనడం సాహసమే. ఆ సాహసాన్నీ, ఫ్రెంచి కార్మిక చట్టాలతో పడిన పాట్లనూ ఆయన 2016లో వెలువడిన 'పాన్‌కేక్స్ ఇన్ పారిస్' అనే పుస్తకంలో వ్రాసుకొన్నాడు. పాన్‌కేకును మన విద్యార్థులు దిబ్బరొట్టెకు దూరపు చుట్టంగా ఊహించుకొనవచ్చును. మైదాపిండితో చేసి, పైన మేపుల్ చెట్టు రసాన్ని కాచిన తియ్యని పాకం పోస్తారు. ఆ పాకం ప్రక్కనున్న ఉప్పటి మాంసానికి అంటుకొంటే అమెరికనుకు పరమానందం. ఫ్రెంచివానికి అదే పెద్ద అడ్డంకి. అతని దేశంలో అట్టు లేకపోలేదు. కాని ఉప్పటి కూరకు కుట్టుగోధుమ అట్టు, తీపికి గోధుమ అట్టు అని విడదీసి తినడం వారి ఆచారం. ఉదయాన రొట్టె, వెన్న, పండ్ల మురబ్బా, కాఫీ తప్ప మరేమీ ఎరుగని జిహ్వకు గుడ్లూ బంగాళాదుంపలూ మాంసమూ ప్రొద్దుననే ఎదురైతే, "ఇది ఫలహారం కాదు, భోజనం" అనిపించడం సహజం. అట్టి భోక్త "మరీ ఎక్కువగా ఉంది" అన్న మాట వంటమీది విమర్శ కాదు. అది కాలమర్యాద మీది వ్యాఖ్య.

కాఫీ సంగతి మరింత విచిత్రం. ఫ్రాన్సులో కాఫీ అనగా దాదాపు 30 మిల్లీలీటర్ల చిక్కని చుక్క. డైనరులో అది పెద్ద కప్పునిండ వడపోసిన పలుచని కాఫీ, పైగా అడిగినన్నిసార్లు ఉచితం. స్థానికుడు "నీళ్ళలాగ ఉంది" అంటాడు. అమెరికను "మళ్ళీ పోయలేదు" అంటాడు. ఒకరి ఫిర్యాదు సారం గురించి, మరొకరిది ధార గురించి. యజమాని కాఫీని చిక్కన చేసి మొదటివానిని తృప్తిపరిస్తే రెండవవాడు మూడు కప్పులు త్రాగలేడు. పలుచన చేస్తే మొదటివాడు మళ్ళీ రాడు. మా మిత్రులొకరు దీనిని విని, "ఇద్దరికీ మన ఇరానీ చాయ్ ఇప్పిస్తే తగవు తీరుతుంది" అన్నారు. తీరుతుందో, మూడో తగవు మొదలవుతుందో చెప్పలేము.

ఇక సేవను గురించిన అభిప్రాయాలు. విద్యార్థులు మిక్కిలి శ్రద్ధగా చూడవలసినది ఇక్కడనే. పరదేశంలోని డైనరుపై అమెరికనుల ఫిర్యాదు సాధారణంగా ఇది: వడ్డించేవారు నవ్వరు, తొందరగా రారు. స్థానికుల ఫిర్యాదు దీనికి సరిగ్గా వ్యతిరేకం: తిని ముగించీ ముగించకముందే బిల్లు తెచ్చి బల్లమీద పెట్టి వెళ్ళగొట్టుతున్నారని. ఇందులో ఎవరిది అబద్ధం? ఎవరిదీ కాదు. అమెరికాలో బిల్లు త్వరగా తేవడం మర్యాద, ఫ్రాన్సులో అడగనిదే తేకపోవడం మర్యాద. ఈ మర్యాదల వెనుక జీతాల పద్ధతి ఉన్నది. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం, బక్షీసు పొందే ఉద్యోగికి యజమాని గంటకు 2 డాలర్ల 13 సెంట్లు ఇచ్చినా చాలును. 1991 నుంచి ఆ అంకె మారలేదు. బక్షీసుతో కలిపి కూడ కనీస వేతనం రాకపోతే ఆ లోటును యజమాని పూడ్చవలె. కొన్ని రాష్ట్రాలు ఇంతకు మించి ఇప్పిస్తున్నవి, అది వేరు సంగతి. మొత్తానికి అక్కడి నవ్వుకు ధర కట్టేది భోక్తయే. బల్ల ఎంత త్వరగా ఖాళీ అయితే అన్ని బక్షీసులు. ఫ్రాన్సులో సేవారుసుము ధరల పట్టికలోని ధరలోనే కలిసి ఉంటుంది, ఉద్యోగికి నిర్ణీత వేతనం ఉంటుంది. ఆ ఉద్యోగి నవ్వితే అది అతని సంతోషం, నవ్వకపోతే అతని స్వాతంత్ర్యం. కాగా ఆ మనిషి ముఖంలో నవ్వు లేదని అతని కొలువుకు ఎసరు పెట్టేటంతటి అభిప్రాయం వ్రాసే భోక్త, తాను తన దేశపు వేతన చట్టాన్ని పొరుగు దేశంలో వెదకుతున్నానని ఎరుగడు.

ధరను గురించిన మాట కూడ ఇట్టిదే. "మా ఊళ్ళో దీనిలో మూడు వంతులకే దొరుకుతుంది" అన్న అభిప్రాయాన్ని లెక్కవేసి చూద్దాం. న్యూయార్క్ నగరంలో ధరల పట్టికలో 12 డాలర్లని ఉన్న పళ్ళానికి 8.875 శాతం అమ్మకపు పన్ను చేరితే సుమారు 1 డాలరు 6 సెంట్లు, 20 శాతం బక్షీసు చేరితే 2 డాలర్ల 40 సెంట్లు. వెరసి 15 డాలర్ల 46 సెంట్లు. పారిస్‌లో పట్టికలో చూపిన ధరయే చివరి ధర. అచ్చులో ఉన్న 12ను చివరి ధరతో పోల్చితే పరదేశం ఎప్పుడూ ఖరీదుగానే కనబడుతుంది. పన్నుల చరిత్ర కూడ ఇందులో ఉన్నది. ఫ్రాన్సులో భోజనశాలలపై పన్ను 2009 జూలై వరకు 19.6 శాతం. అప్పుడు దానిని 5.5కు తగ్గించి, 2012లో 7కు, 2014లో 10కి పెంచారు. భోక్త తిట్టినది వంటవానిని, అందులో కొంత చేరవలసినది ఆర్థిక మంత్రికి.

'నిజమైన డైనరులాగ ఉన్నదా?' అన్నది మరొక కొలమానం. లండన్‌లోనో పారిస్‌లోనో పుట్టి పెరిగినవానికి డైనరు ఎక్కడ పరిచయమైంది? చలనచిత్రాలలో. 1973 నాటి 'అమెరికన్ గ్రాఫిటీ', 1974 నుంచి 1984 వరకు సాగిన 'హ్యాపీ డేస్' టెలివిజన్ ధారావాహిక, 1978 నాటి 'గ్రీజ్': ఇవి చూపినది 1950లు, 1960ల తొలినాళ్ళ నాటి యువకుల అమెరికా. కనుకనే 1987లో లండన్ సోహో ప్రాంతంలో 'ఎడ్స్ ఈజీ డైనర్' వెలసినప్పుడు దానికి పాటలపెట్టె, ఎత్తుపీటలు తప్పనిసరి అలంకారాలైనవి. ఆ సంస్థ అనేక శాఖలుగా విస్తరించి, 2016లో ఆర్థికంగా చితికి, పలు శాఖలను మూసుకొన్నది. స్థానిక భోక్త "అచ్చం అమెరికాలాగనే ఉన్నది" అని మెచ్చుకొన్నప్పుడు అతడు మెచ్చినది సినిమాను. అమెరికను "మా డైనరులాగ లేదు" అని నొచ్చుకొన్నప్పుడు అతడు తలచుకొన్నది తన బాల్యాన్ని. రెండూ పళ్ళానికి బయటివే.

ఆ 1950లను గురించి ఇంకొక మాట చెప్పకుండ ముందుకు సాగడం న్యాయం కాదు. మెరిసే ఎత్తుపీటల మీద అందరికీ చోటుండేది కాదు. 1960 ఫిబ్రవరి 1న నార్త్ కరొలైనాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు, వూల్‌వర్త్ దుకాణపు భోజన బల్ల దగ్గర కూర్చొని, వడ్డించకపోయినా కదలక సత్యాగ్రహం చేశారు. వారూ మన విద్యార్థుల ఈడువారే, కళాశాల విద్యార్థులే. 1961లో వాషింగ్టన్‌కు పోతున్న చాద్ దేశపు రాయబారి ఆడమ్ మాలిక్ సౌకు మేరీలాండ్‌లోని 40వ నంబరు రహదారి ప్రక్క డైనరులో వడ్డించ నిరాకరించారు. అది అంతర్జాతీయ వ్యవహారమై అధ్యక్షుడు కెనెడీ ప్రభుత్వానికి తలవంపులు తెచ్చింది. 1964 నాటి పౌరహక్కుల చట్టం వచ్చేవరకు దేశమంతటికీ వర్తించే రక్షణ లేదు. వడ్డించనే వడ్డించని చోట భోక్త అభిప్రాయం ఎక్కడ నమోదు కావాలి? పరదేశంలోని డైనరు పాటలపెట్టెను తెచ్చుకొన్నది గాని, ఈ ఖాళీ పీటలను తెచ్చుకొనలేదు. ఆనాటి వైభవాన్ని మెచ్చుకొనే అభిప్రాయాలు చదివేటప్పుడు మాకు ఆ పీటలే జ్ఞాపకం వస్తాయి.

ఎవరికి వడ్డిస్తారు అన్న ప్రశ్న ఐరోపాలో వేరొక రూపంలో వచ్చింది. డైనరు పళ్ళెంలో బేకన్ అనే పంది మాంసం ముఖ్యమైన భాగం. ఫ్రాన్సులో ముస్లింలు లక్షలాదిగా ఉన్నారు. అక్కడి 'క్విక్' అనే హాంబర్గరు సంస్థ 2009 చివర 8 శాఖలలో కేవలం హలాల్ మాంసమే వడ్డిస్తూ, బేకన్‌కు బదులు పొగబెట్టిన టర్కీకోడి మాంసం పెట్టింది. ఇన్నాళ్ళకు తామూ అందరిలాగ కూర్చొని తినగలిగామన్నది ఒక వర్గపు సంతోషం. తమకు కోరుకొనే వీలు లేకుండ పోయిందన్నది మరొక వర్గపు ఆక్షేపణ. రూబే నగర మేయరు 2010లో దీనిని వివక్షగా పేర్కొని ఫిర్యాదు చేయగా అది దేశవ్యాప్త వివాదమైంది. అదే సంవత్సరం సంస్థ ఆ శాఖలను 22కు పెంచింది. ఈ ఆక్షేపణలో బొత్తిగా సారం లేదని మేము అనము. ఆ వీధిలో అదొక్కటే భోజనశాల అయినప్పుడు కోరికకు తావుండవలె. కాని ఆ మాంసం రుచిని గురించి ఆ వివాదంలో మాట్లాడినవారు ఎందరు?

మనవారికి ఈ విషయం దూరమైనదేమీ కాదు. డైనరులకు పుట్టినిల్లు వంటిదైన న్యూజెర్సీ రాష్ట్రంలోనే, ఎడిసన్ పరిసరాలలో తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డారు. అక్కడి మన హోటళ్ళకు ఇప్పుడు అదే గతి పట్టింది. సెలవుకు వచ్చిన తల్లిదండ్రులు పచ్చడిలో కారం లేదంటారు, అక్కడే పుట్టిన పిల్లలు నోరు మండుతోందంటారు, పొరుగింటి అమెరికను పప్పూ అన్నమూ ఒకేసారి ఎందుకు తెచ్చారని అడుగుతాడు. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని మన పెద్దలన్నది ఒకే ఊరివారిని చూసి. ఆ హోటలులో గుంటూరువారూ కరీంనగర్‌వారూ ఒకే బల్ల దగ్గర కూర్చొంటారు. సాంబారు తియ్యగా ఉన్నదన్న ఒక్క విషయంలో మాత్రం ఇద్దరూ ఏకీభవిస్తారు. వండినవాడు తమిళుడు.