తెల్లబడాలనే తపన – చర్మానికి తెచ్చే చేటు

పాశ్చాత్య దేశాలలో తెల్లని మేను గలవారు కొందరు, తమ ఒంటికి గోధుమ వన్నె రావాలని డబ్బు చెల్లించి మరీ విద్యుద్దీపాలు అమర్చిన పెట్టెలలో పడుకొంటారు. ఆ దీపాలు అతినీలలోహిత కిరణాలను వెదజల్లుతాయి. 2009లో ఫ్రాన్సు దేశపు లియాన్ నగరంలో ఉన్న అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ పరికరాలను మానవులకు క్యాన్సర్ కలిగించేవిగా నిర్ధారించి, పొగాకును ఉంచిన మొదటి వర్గంలోనే వీటినీ చేర్చింది. చిన్న వయసులో ఈ అలవాటు మొదలుపెట్టిన వారికి ముప్పు మరింత ఎక్కువని కూడా తేలింది. అదే సంవత్సరం బ్రెజిల్ దేశం వీటిని నిషేధించింది. తరువాతి కొద్ది సంవత్సరాలలో ఆస్ట్రేలియాలోని రాష్ట్రాలు కూడా ఈ వ్యాపార కేంద్రాలను మూసివేయించాయి.

ఇది మనకెందుకు అని పాఠకులు అడుగవచ్చు. హైదరాబాదులో నల్లబడటానికి డబ్బిచ్చే వారెవరున్నారు? నిజమే. ఇక్కడ బేరం తిరగబడి ఉంది. అక్కడ తెల్లవారు తమకు లేని వన్నె కోసం చర్మాన్ని కాల్చుకొంటున్నారు. ఇక్కడ మన పిల్లలు తమకున్న వన్నెను పోగొట్టుకోవడానికి చర్మాన్ని పలచబరచుకొంటున్నారు. రెండింటిలోనూ కొనేది యువతే.

1998 నవంబరులో మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి ఆ చుట్టుపక్కల ఎక్కువ భాగం రాళ్ళగుట్టలే. నేడు మాదాపూరు, గచ్చిబౌలి, కొండాపూరు ప్రాంతాలలోని వసతి గృహాలలో వేలాది యువతీయువకులు నివసిస్తున్నారు. ఆ వీధులలో సౌందర్యశాలల బోర్డులపై 'డీ టాన్' అనే మాట తరచు కనిపిస్తుంది. ఎండకు కమిలిన నలుపును తొలగిస్తామని దాని అర్థం. విచిత్రమేమంటే, ఆ బోర్డు చదివి లోపలికి వెళ్ళే వారిలో చాలామంది ఉదయం చల్లని వాహనమెక్కి, చల్లని గదిలో పనిచేసి, చీకటి పడ్డాక బయటకు వచ్చేవారు. వారిని ఎండ ముట్టుకొన్నదెప్పుడు?

అట్టి వారిలో ఒక అమ్మాయిని గురించి చెప్పాలి. ఇందులో నా పొరపాటు కూడా ఉంది కనుక దాచకుండా చెబుతాను.

ఇరవై ఆరేళ్ళ అమ్మాయి. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తల్లి ఖమ్మం నుండి వచ్చి, వెంటబెట్టుకొని తీసుకువచ్చింది. బుగ్గలు, గడ్డం ఎర్రగా ఉన్నాయి. ఎండలోకి వెళితే మంట. చిన్న చిన్న పొక్కులు. "సంబంధాలు చూస్తున్నామండీ వైద్యులవారూ, ఈ సమయంలో ఇలా అయింది" అని తల్లి కంటతడి పెట్టుకొంది. నాడి చూచాను, నాలుక చూచాను, నిద్ర గురించి, ఆహారం గురించి అడిగాను. రాత్రి రెండు గంటలకు పడక, వేళ తప్పిన భోజనం, పుల్లని కారపు పదార్థాలు. పిత్తం రక్తాన్ని దూషించిందని నిశ్చయించుకొన్నాను. ముఖానికి ఏమి వాడుతున్నావని అడిగితే, "మామూలు క్రీమేనండీ" అన్నది. ఆ మామూలు క్రీము ఏమిటో చూపమని నేను అడుగలేదు. అన్నీ మానివేయమని చెప్పి, చందన లేపం ఇచ్చి పంపాను.

అయిదవ నాడు తల్లి ఫోను చేసింది. అమ్మాయి ముఖం వాచి, నిప్పులు పోసినట్లు మండుతోందట. అప్పుడు ఆ ట్యూబు తెప్పించి, అద్దం పెట్టుకొని చిన్న అక్షరాలు చదివాను. మొమెటసోన్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్. మొదటిది స్టెరాయిడ్. వైద్యుని చీటీపై మాత్రమే అమ్మవలెనని దానిమీదే ముద్రించి ఉంది. ఒక సౌందర్యశాలలో పేరు చెప్పగా, మందుల దుకాణంలో అడిగి కొనుక్కొని, సంవత్సరంన్నర పాటు ప్రతి రాత్రీ పూసుకొన్నదట. అన్నేళ్ళ అనుభవం ఉండి కూడా, ఆ మందును ఒక్కసారిగా ఆపించి ఆ పిల్లను అగ్నిలోకి నెట్టినవాడిని నేనే. ఆ రోజే చర్మవైద్య నిపుణుని వద్దకు పంపాను. ఆయన బలహీనమైన మందుకు మార్చి, వారాల తరబడి క్రమంగా తగ్గించుకొంటూ వచ్చారు. ముఖం కుదుటపడటానికి ఎనిమిది నెలలు పట్టింది.

స్టెరాయిడ్ చర్మానికి ఏమి చేస్తుందో తెలుసుకోవడం అవసరం. అది రక్తనాళాలను ముడుచుకొనేటట్లు చేస్తుంది, వాపును అణచివేస్తుంది, రంగును తయారుచేసే కణాల పనిని మందగింపజేస్తుంది. అందువల్ల రెండు వారాలలో ముఖం తేటపడినట్లు కనిపిస్తుంది. స్నేహితురాలు 'ఏం రాస్తున్నావే' అని అడుగుతుంది. ఆ మెప్పే ఉచ్చు. నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడుతుంది. కింది సన్నని నాళాలు ఎర్రని దారాలవలె పైకి కనిపిస్తాయి. మొటిమలు వస్తాయి, ఆడపిల్లల బుగ్గలపై వెంట్రుకలు మొలుస్తాయి. మానివేయబోతే అణిగి ఉన్న మంట అంతా ఒక్కసారిగా పైకి లేస్తుంది. 'చూశావా, క్రీము మానితే ఇలా అవుతోంది' అని మళ్ళీ అదే పూసుకొంటారు. మత్తుపదార్థపు వ్యసనానికీ దీనికీ పోలిక ఉన్నది. చర్మవైద్యులు దీనిని స్టెరాయిడ్ వల్ల దెబ్బతిన్న ముఖమని ప్రత్యేకంగా పేరు పెట్టి పిలుస్తున్నారు.

మరొక సంగతి. ముఖచర్మం చేతిచర్మం వంటిది కాదు. ముంజేతిపై పూసిన స్టెరాయిడ్ ఎంత లోనికి ఇంకుతుందో, నుదుటిపై అంతకు ఆరు రెట్లు, దవడ వద్ద పదమూడు రెట్లు ఇంకుతుందని 1967లోనే పరిశోధకులు కొలిచి చూపారు. గజ్జికో తామరకో ఇంట్లో మిగిలిన ట్యూబును ముఖానికి రాసుకొనేవారు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేనిదే అమ్మరాదనే పట్టికలోనికి తెచ్చింది. చట్టం ఉంది, మన వీధి చివరి దుకాణంలో దానిని ఎంత పాటిస్తున్నారో మీకూ తెలుసు. హైడ్రోక్వినోన్‌ను కూడా వైద్య పర్యవేక్షణ లేకుండా ఏళ్ళ తరబడి వాడితే, తెలుపు మాట అటుంచి, నీలి నలుపు మచ్చలు ఏర్పడతాయి. అవి ఒక పట్టాన పోవు.

స్టెరాయిడ్ ముఖాన్ని చెరిపితే, పాదరసం మూత్రపిండాల దాకా పోతుంది. పేరూ ఊరూ లేని డబ్బాలలో వచ్చే కొన్ని తెల్లబరిచే క్రీములలో పాదరస లవణాలు ఉంటాయి. రంగు తయారు కావడానికి అవసరమైన ఒక ఎంజైమును ఇవి స్తంభింపజేస్తాయి. తరువాత చర్మం గుండా ఇంకి మూత్రపిండాలలో చేరుతాయి. కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో 2021 జూలై నుండి 2023 సెప్టెంబరు వరకు ఒక ఆసుపత్రి వైద్యులు మూత్రంలో మాంసకృత్తులు పోయే ఒక అరుదైన మూత్రపిండ వ్యాధిని 22 మందిలో గుర్తించారు. వారిలో 15 మందిది ఒక ప్రత్యేక రకం. ఆ 15 మందిలో 13 మంది తెల్లబరిచే క్రీములు వాడినవారే. కాళ్ళ వాపు, అలసట, నురుగు కట్టిన మూత్రం వారి లక్షణాలు. క్రీము మానిన తరువాత చాలామంది కోలుకొన్నారు.

ఇక్కడ నా వృత్తివారికి కూడా ఒక మాట. 'ఆయుర్వేదం', 'మూలికలు' అని డబ్బాపై రాసినంత మాత్రాన లోపలిది ఆయుర్వేదం కాదు. రసౌషధాలలో పాదరసాన్ని వాడుతాము, నిజమే. దానికి శోధన, మారణ, మాత్రా నియమాలున్నాయి. సౌందర్యం కోసం ముఖానికి రుద్దమని ఏ గురువూ నాకు చెప్పలేదు. తయారీదారు పేరు, లైసెన్సు సంఖ్య, ద్రవ్యాల పట్టిక లేని క్రీమును, వారంలో తెల్లబరుస్తానన్న క్రీమును ఇంటికి తేవద్దు. ఇప్పటికే వాడినవారు ఒకసారి మూత్ర పరీక్ష, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవడం మంచిది.

ఇక నరానికి ఎక్కించే గ్లూటాథయోన్. పెండ్లికి ముందు పది సూదులు, పదిహేను సూదులు అని కొన్నిచోట్ల బేరం చెబుతున్నారు. ఫిలిప్పీన్స్ ఔషధ నియంత్రణ సంస్థ 2011లోనే, తెల్లబడటానికి దీనిని ఎక్కించుకోవద్దని, తీవ్రమైన చర్మప్రతిక్రియలు, థైరాయిడ్, మూత్రపిండాల ఇబ్బందులు రావచ్చని హెచ్చరించింది. ఇంతకన్న దీని గురించి రాయడం అనవసరం.

శాస్త్రం ఏమంటుందో చూద్దాము. చర్మానికి ఏడు పొరలున్నాయని సుశ్రుతుడు చెప్పాడు. అన్నింటికన్న పైది 'అవభాసిని'. దేహపు వర్ణాలను ప్రకాశింపజేసేది అదే. దాని మందం వడ్లగింజలో పద్దెనిమిదవ వంతు. అంత పలుచని పొరపైననే మనం ఈ రసాయనాలన్నీ రుద్దుతున్నాము! చరకుడు ఇంద్రియస్థానంలో సహజమైన దేహవర్ణాలు నాలుగని చెప్పాడు: కృష్ణం, శ్యామం, శ్యామావదాతం, అవదాతం. నలుపు మొదలు పచ్చని చాయ వరకు నాలుగూ ప్రకృతులే. ఆ వెంటనే వికృత వర్ణాలను లెక్కించాడు. నీలం, శ్యావం, తామ్రం, హరితం, వాటితోబాటు శుక్లం కూడా. పాలవంటి తెలుపు ఆచార్యుని దృష్టిలో రోగలక్షణాల పట్టికలో ఉన్నది. ఈ మాట పెండ్లిచూపుల పెద్దలకు ఎవరైనా వినిపిస్తే బాగుండును. చరకసంహితలోని 'వర్ణ్య' గణంలో చందనం, వట్టివేళ్ళు, మంజిష్ఠ, సుగంధిపాల మొదలైన పది ద్రవ్యాలున్నాయి. వర్ణ్యమంటే తెల్లబరిచేదని ఇప్పుడు ప్రకటనలలో అర్థం చెబుతున్నారు. చెడిన వన్నెను దాని సహజస్థితికి తెచ్చేదని నేను గురుముఖతః నేర్చుకొన్నది.

మంగు మచ్చలను మన గ్రంథాలు 'వ్యంగం' అంటాయి. దానికి సుశ్రుతుడు చెప్పిన కారణాలు క్రోధం, ఆయాసం. రాత్రంతా మెలకువ, పై అధికారి ఒత్తిడి, తెల్లవారి నిద్ర. కారణం అక్కడ ఉండగా మందు బుగ్గమీద వెతుకుతున్నాము.

ఇంటిలో ఏమి చేయవచ్చు? ముఖం ఇప్పటికే మండుతున్నవారు ఏ లేపమూ వేయవద్దు, క్రీమును తమంతట తాము హఠాత్తుగా ఆపవద్దు, చర్మవైద్యుని చూడాలి. చర్మం బాగున్నవారు సబ్బుకు బదులు పెసరపిండి నాలుగు పాళ్ళు, వట్టివేళ్ళ పొడి ఒక పాలు, సుగంధిపాల వేరు పొడి అర పాలు కలిపి, పాలతో తడిపి మృదువుగా వాడుకోవచ్చు. ముందుగా మోచేతి లోపలివైపు కొద్దిగా పూసి ఒకరోజు చూడండి. పొడిబారిన చర్మానికి శతధౌతఘృతం మేలైనది. ఆవునేతిని రాగిపళ్ళెంలో వేసి, నీళ్ళు పోసి అరచేతితో మర్దించి ఆ నీటిని పారబోయాలి. ఇలా నూరుసార్లు. మా గురువుగారు పక్కన కూర్చుని లెక్కించేవారు. తొంభై దాటాక చేతులు పడిపోయేవి, కాని నెయ్యి మాత్రం వెన్నకన్న తెల్లగా, మెత్తగా మారేది. వైద్యుడు ఒప్పుకొన్న తరువాత ఆ ఖమ్మం అమ్మాయికి రాత్రిపూట ఇదే ఇచ్చాను.

నిమ్మరసం రాసుకొని ఎండలోకి పోవడం, వంటసోడా రుద్దడం చేయవద్దు. నిమ్మజాతి రసం చర్మంపై ఉండగా ఎండ తగిలితే కాలిన బొబ్బలు లేచి నల్లని మచ్చలు మిగులుతాయి. బావంచాలు కూడా అంతే. బొల్లికి వైద్యుడు మోతాదు చూసి, ఎండ నిమిషాలు లెక్కించి వాడే ద్రవ్యాన్ని చాయకోసం నూరి పూసుకొని ఒళ్ళు కాల్చుకొన్నవారిని చూచాను.

మరి ఎండ? మన చర్మంలోని నలుపు వర్ణకం అతినీలలోహిత కిరణాలను అడ్డగించే సహజమైన గొడుగు. తెల్లజాతులను పీడించే నల్లమచ్చ క్యాన్సర్ మన దేశంలో అరుదుగా ఉండటానికి ఇదొక ముఖ్య కారణం. అయితే ఆ గొడుగు ఉన్నందువల్లనే మనకు డి విటమిన్ తయారు కావడానికి ఎక్కువ సేపు ఎండ కావాలి. తిరుపతిలో జరిగిన పరిశోధనలో పగలు పదకొండు నుండి రెండు గంటల మధ్య ఎండే ఇందుకు ఎక్కువగా ఉపకరిస్తుందని తేలింది. ఉదయపు లేత ఎండ చాలునని నేను కూడా చాలాకాలం చెప్పినవాడినే. భోజన విరామంలో కార్యాలయం ఆవరణలో ముఖానికి నీడ ఉంచి, చేతులకు కొద్దిసేపు ఎండ తగలనివ్వండి. దూరం నడవవలసి వస్తే గొడుగు పట్టుకోండి. ఛత్రధారణను చరకుడు దినచర్యలోనే చేర్చాడు. స్టెరాయిడ్‌తో పలచబడిన చర్మం గలవారు మాత్రం కోలుకొనే వరకు ఎండకు దూరంగా ఉండాలి.

కొన్ని వారాల క్రితం ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. ముఖం ఆమె పుట్టుచాయకు వచ్చింది, చామనచాయ. వెంట వసతి గృహంలోని ముగ్గురు స్నేహితురాళ్ళు, ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క క్రీము. "తాతగారూ, ఇవి ఒకసారి చదివి పెట్టండి" అన్నది. అద్దం తీసి చదివాను. రెండింటిపై మొమెటసోన్ అని ఉంది. వారిద్దరినీ చర్మవైద్యుని వద్దకు పంపాను. మూడవ డబ్బాపై అసలు ఏ అక్షరమూ లేదు. ఆ పిల్లకు మూత్ర పరీక్షకు చీటీ రాసి ఇచ్చాను.