వేరు వేరు గళ్ళలో ఒకే ముప్పు

చిలకలూరిపేట

చిరంజీవి బుజ్జమ్మకు,

నువ్వు పంపిన ఫైనలియర్ ప్రాజెక్టు రిపోర్టు మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివాను. మిరపకాయలు ఆరబెట్టే సోలార్ డ్రయ్యర్ మంచిచెడ్డలు మీ గైడు గారు చూసుకుంటారు. నేను రాయదలచుకున్నది వెనకాల జతచేసిన రిస్కు పట్టిక గురించి, దాని కింద ‘మేం నేర్చుకున్న పాఠాలు’ అంటూ నువ్వు రాసిన ఒక్క పేజీ గురించి. ప్రతి ముప్పుకూ అది జరిగే అవకాశానికి అయిదులోపు ఒక అంకె, జరిగితే కలిగే నష్టానికి అయిదులోపు ఇంకో అంకె వేసి, రెంటినీ గుణించి, పెద్ద లబ్ధం పైనా చిన్న లబ్ధం కిందా పేర్చావు. పాఠ్యపుస్తకాల పద్ధతి అదే. సెన్సర్లు ఆలస్యంగా రావడం, జట్టులో వాళ్ళు ఉద్యోగాల ఇంటర్వ్యూలకు వెళ్ళిపోవడం, కల్లంలో కూలీలు దొరక్కపోవడం చిన్న అంకెలతో పట్టిక అడుగున పడ్డాయి. చివరికి మీ ప్రాజెక్టును దెబ్బతీసినవి ఆ మూడే. ‘అంకెలు ఇంకా జాగ్రత్తగా వేసి ఉండాల్సింది’ అని నువ్వు రాసిన మాట నేను ఒప్పుకోలేను తల్లీ. అంకెలు దాదాపు సరైనవే. ఆ మూడు గళ్ళనూ కలుపుతూ గీత గీయకపోవడం దగ్గర వచ్చింది తప్పు.

ఆ గీత పేరు మిరప కోత. మన వైపు కాయ పండి కల్లానికి చేరేది సంక్రాంతి అటూ ఇటుగా మొదలై ఎండలు ముదిరేదాకా, ఏడాదికి ఒక్కసారి. కూలీలకు గిరాకీ పెరిగేది అప్పుడే, మీ ఆఖరి సెమిస్టరు ఉరుకులు పెట్టేదీ అప్పుడే. పండుకాయలో నూటికి డెబ్బై పాళ్ళకు పైగా ఉండే తేమను పది పన్నెండు పాళ్ళకు దించే పరికరాన్ని పరీక్షించాలంటే ముందు పండుకాయ ఉండాలి. అది లేని మే నెలలో ఎంత మంచి డ్రయ్యరైనా ఖాళీ గుడారమే. ఇంకో ప్రాజెక్టులో పదిరోజుల ఆలస్యమంటే పదిరోజులే. కోతను నమ్ముకున్న ప్రాజెక్టులో అది ఏడాది. దీనికి తోడు తుపాను సంగతి చూడు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి తుపాను ఒక్కటి పడితే చేలో నీళ్ళు నిలిచి పైరు దెబ్బతింటుంది, రోడ్లు ఆగి సరుకు రాదు, వెనకబడిన కోతలన్నీ ఒక్కసారే వచ్చి కూలీల కోసం పోటీ పెరుగుతుంది. మీ పట్టికలో ఇవి నాలుగు వేరు వేరు వరసలు. గణితంలోనే చెప్పాలంటే, ఒకదానికొకటి సంబంధం లేని మూడు ముప్పులకు తలా పదింట ఒక అవకాశం ఉంటే, మూడూ కలిసి వచ్చే అవకాశం వెయ్యింట ఒకటి. మూడింటి వెనకా ఉన్న కారణం ఒకటే అయితే అది పదింట ఒకటికి దగ్గరపడుతుంది. పదికీ వెయ్యికీ మధ్య ఉన్న అంత తేడా నీ పట్టికలో ఏ గడిలోనూ కనపడదు.

పెద్ద పెద్ద ఇంజనీర్లకు కూడా ఇది అందలేదు. 2011 మార్చి 11న జపాన్‌లో ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రానికి భూకంపం వల్ల బయటి కరెంటు ఆగిపోయింది. అందుకోసమే ఉంచిన డీజిల్ జనరేటర్లు అనుకున్నట్టే అందుకున్నాయి. గంట తిరక్కముందే, అదే భూకంపం లేపిన సునామీ వాటిలో చాలావాటిని ముంచేసింది. మొదటి కాపలాను పడగొట్టిందే రెండో కాపలా మీదికీ వచ్చింది.

అయితే ఈ పాఠానికి జపాన్ దాకా పోనక్కర్లేదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి చాలు. ఇక్కడ పత్తి బాగా విస్తరించాక, పొడుగు పింజ ఎంసీయూ-5 రకం చేలనిండా పరుచుకున్నాక, 1980ల తొలి ఏళ్ళలో సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు వచ్చాయి. శనగపచ్చ పురుగు మీదా లద్దెపురుగు మీదా అవి మొదట్లో గొప్పగా పనిచేశాయి. ఆనాడు పత్తి రైతు ఎవరైనా నీలాగే పట్టిక వేసి ఉంటే, పై వరసలో కాయతొలిచే పురుగు, దాని ఎదురుగా ‘విరుగుడు: పైరిథ్రాయిడ్’ అని ఉండేవి. తెల్లదోమ ఎక్కడో అడుగున ఉండేది. మందు మీద మందు కొట్టగా పురుగుతో పాటు తెల్లదోమను తినే మిత్రపురుగులు కూడా చచ్చాయి. 1984–85లో తెల్లదోమ చేలను కమ్మేసింది. అది కార్చిన జిగురు మీద మసి తెగులు పట్టి ఆకూ పింజా నల్లబడ్డాయి. దానికి మళ్ళీ మందు. 1987 వచ్చేసరికి శనగపచ్చ పురుగే ఆ మందుకు లొంగడం మానేసింది. అదే ఏడు వాన ముఖం చాటేసింది. 1987–88లో ఈ రెండు జిల్లాల్లో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారన్న వార్త దేశమంతా విన్నది. పురుగు, మందు, కౌలు, అప్పు అని నాలుగు వరసల్లో రాస్తే ఆ ఏడాది ఏం జరిగిందో అర్థం కాదు. మందు అరువిచ్చేదీ, ఏ మందు కొట్టాలో చెప్పేదీ ఒకే దుకాణం అయినప్పుడు, పంట పోయినకొద్దీ అరువూ మందూ రెండూ కలిసే పెరుగుతాయి. పైనున్న ముప్పుకు వేసిన విరుగుడే కిందున్న ముప్పును పైకి తెచ్చింది. ఆ తర్వాత పత్తి కొంత నిలదొక్కుకున్నది ఇంకా ఘాటైన మందు వల్ల కాదు. పైరిథ్రాయిడ్లు తగ్గించమన్న సలహా వల్ల, లాం పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన, తెల్లదోమను తట్టుకునే కాంచన రకం వల్ల, చేను చుట్టూ ఆముదం, బంతి ఎరపంటలుగా వేసుకోవడం వల్ల. ఇవన్నీ ముడిని వదులు చేసే పనులు.

మిరప సంగతీ ఇంతే. 2015లో బెంగళూరు వైపు బొప్పాయి మీద మొదటిసారి కనబడ్డ నల్ల తామరపురుగు 2021 చివర్లో మన మిరప పూతలో చేరింది. ఆ ఏడు పంట బాగా పోయింది. పంట తగ్గింది కనుక ధర లేచింది, 2023 నాటికి మంచి కాయ క్వింటాలు ఇరవై వేలు దాటి పలికింది. ధర లేచింది కనుక అందరూ మిరపే నాటారు. 2025 ఫిబ్రవరి నాటికి గుంటూరు యార్డులో ధర ఎంతగా పడిందంటే కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. 2017లోనూ ధర కూలితే అదే పథకం కింద 5,000 రూపాయలు ప్రకటించారు. తెగులు ఒక వరసలో, ధర ఇంకో వరసలో రాసుకున్న వాడికి, 2021 నాటి పురుగు 2025 నాటి ధరను లాగిందన్న సంగతి ఎలా తెలుస్తుంది?

ఇక్కడ నువ్వు అడుగుతావు: ఎవరూ కని విని ఎరగని పురుగును పట్టికలో ముందే ఎలా రాస్తాం పెదనాన్నా అని. న్యాయమైన ప్రశ్నే. తామరపురుగు పేరు ముందుగా ఎవరికీ తెలియదు. కానీ మైళ్ళ తరబడి ఒకే పైరు, ఒకే నెలలో నాటు, అందరి పెట్టుబడీ అప్పే, ఆ అప్పంతా ఒకే కోత మీద ఆశతో తెచ్చిందే అన్న సంగతి ఎవరికైనా తెలుసు. రాబోయే ముప్పు పేరు తెలియకపోయినా, వచ్చినప్పుడు ఏమేం కలిసి పడిపోతాయో చెప్పడానికి అది చాలు. మీ ప్రాజెక్టులోనూ కొరియర్ ఎందుకు ఆగుతుందో తెలియనక్కర్లేదు. ఒక్క కొరియర్ ఆగితే పని మొత్తం ఆగేలా ఉందా లేదా అన్నది ముందే తెలుసుకోవచ్చు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. ఇంత తర్కించే వాళ్ళు ఏ పనీ మొదలుపెట్టరు. ఈ నేల బాగుపడింది తెగించి పత్తీ మిరపా వేసిన వాళ్ళ వల్లే అంటారు. అది నిజం, ఆ తెగువను నేను తక్కువ చెయ్యను. కానీ రెండెకరాల సొంత భూమిలో కొత్త విత్తనం వేసి నష్టపోయినవాడు మళ్ళీ ఏడాది మళ్ళో ఉంటాడు. అదే విత్తనాన్ని పదెకరాల కౌలులో, వడ్డీ డబ్బుతో వేసి నష్టపోయినవాడికి మళ్ళీ ఏడాది ఉండకపోవచ్చు. తెగువ ఇద్దరిదీ ఒకటే, పోగొట్టుకున్నది ఒకటి కాదు. నష్టానికి హద్దు ముందే గీసుకున్నవాడే పదేపదే తెగించగలడు. బీమా ఉంది కదా అనే వాళ్ళూ ఉన్నారు. వాతావరణ బీమా పరిహారం లెక్కేసేది వాతావరణ కేంద్రంలో నమోదైన వానను బట్టి, మన చేలో పడిన వానను బట్టి కాదు. పైగా ధర పడితే అది పలకదు. బీమా ఒక వరసకే సమాధానం చెబుతుంది.

నీ పట్టికలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది మాత్రం ‘నివారణ’ అన్న గడి. ప్రతి వరసకూ ఒక మంచి మాట రాశావు, ఒక్కదాని పక్కనా మనిషి పేరు లేదు, తేదీ లేదు. 2002లో బీటీ పత్తికి అనుమతి ఇచ్చినప్పుడు దాని చుట్టూ మామూలు పత్తి కొన్ని సాళ్ళు వెయ్యాలని షరతు పెట్టారు. పురుగు బీటీకి త్వరగా అలవాటుపడకుండా ఆ సాళ్ళు ఆశ్రయంగా ఉండాలని. అందుకే 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల మామూలు విత్తనం పొట్లం ఇచ్చేవారు. శాస్త్రం ప్రకారం చక్కని నివారణ. కానీ ఆ సాళ్ళలో పురుగు తినే కాయ రైతుది, దానివల్ల కలిగే మేలు ఊరందరిదీ, అదీ కొన్నేళ్ళ తర్వాత. వెయ్యకపోతే అడిగేవాళ్ళూ లేరు. చాలా పొట్లాలు గట్టు మీదే ఉండిపోయాయి. 2010 నాటికి గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు మొదటి తరం బీటీని తట్టుకుంటోందని తేలింది. 2006లో వచ్చిన రెండో తరానికి కూడా తర్వాత అదే గతి పట్టింది. ఈ తప్పును రైతు మీద తోసేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఖర్చు ఒకరికీ లాభం అందరికీ వచ్చేలా రాసిన నివారణ కాగితం దాటి పొలంలోకి రాదు. మీ జట్టులో ‘విడిభాగాలు ముందే తెప్పించాలి’ అన్నది అలాంటి పొట్లమే. ముందే డబ్బు పెట్టాల్సింది ఒకరు, మార్కులు నలుగురివీ.

మార్కులు వచ్చేశాయి కదా, ఇప్పుడెందుకు ఇదంతా అని అనుకోకు. వచ్చే ఏడు ఇదే డ్రయ్యరును మీ జూనియర్లు తీసుకుంటారని రిపోర్టులోనే రాశావు. వాళ్ళకు ఇచ్చేముందు ఆ పట్టికలో ఒక్కో వరస పక్కన ఇది వస్తే దీనితో పాటు ఇంకేం వస్తుందో, దీనికి వేసే విరుగుడు కొత్తగా ఏం తెచ్చిపెడుతుందో రాయి. మనిషి పేరూ, తేదీ, ఖర్చు ఎవరిదో కూడా రాయి. సెన్సర్లకు ‘ప్రత్యామ్నాయం’ అని ఇంకో కంపెనీ సెన్సరు పేరు పెట్టావు; అదీ అదే కొరియర్లో రావాలి, అదే వారం రావాలి. కాయ తేమ తెలుసుకోవడానికి సెన్సరే ఉండనక్కర్లేదు. ఆరబెట్టకముందు ఒకసారి, రోజూ ఒకసారి తూకం వేస్తే తగ్గిన బరువే పోయిన తేమ. కాటా ప్రతి కల్లంలోనూ ఉంటుంది. జనవరి 10 లోపు సెన్సర్లు చేతికి రాకపోతే కాటాతో, మామూలు థర్మామీటరుతో మొదలుపెట్టాలని ఆ వరసలో తేదీ వేసి రాసిపెట్టు. మిరప నార్లు పోసేది జులైలో కనుక ఆలోపు వాళ్ళకు చేరేలా చూడు. సవరించిన పట్టిక నాకూ ఒకటి పంపు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న