చెరువుకట్టయే ఊరికి రక్ష



మొన్న ఏడవ తరగతిలో “అలుగు అనగానేమి?” అని అడిగితిని. “కోపగించుట” అని ఒక బాలిక చెప్పెను. ఆ జవాబు తప్పు కాదు. కాని చెరువునకు అలుగు కలదని ఆ తరగతిలో ఎవరును చెప్పలేదు. చెరువుల నీటితో బ్రతికిన ఊళ్ళ పిల్లలకు ఈ మాట తెలియకపోవుట భాషకు మాత్రమే కాదు, ఊరికి కూడ నష్టము.

మన కెంచార్లహళ్ళి ప్రాంతమున ఏడాది పొడుగునా పారు నది లేదు. అందుచేతనే పూర్వులు అవిభక్త కోలారు జిల్లాలో నాలుగు వేలకు పైగా చెరువులు కట్టించిరి. కరవు మనకు ఎఱుకైన శత్రువు. వరదను మాత్రము మరచితిమి. 2021 నవంబరు వర్షములకు చిక్కబళ్ళాపుర, కోలారు జిల్లాలలో ఏండ్లతరబడి ఎండిన చెరువులు నిండి పొరలినపుడు ఆ మరపు ఎంత చేటో తెలిసినది.

చెరువు ఒంటరిది కాదు. మీది చెరువు నిండి అలుగు పారిన నీరు కాలువ వెంట క్రింది చెరువునకు చేరును. దీనినే మనము ‘కోడి పోవుట’ యందుము. అలుగును కట్టకంటె తక్కువ ఎత్తున, రాతితో కట్టుటకు కారణము కలదు. మిగులు నీరు రాతిమీదుగా పోవలెనే గాని మట్టికట్టమీదుగా పోరాదు. కట్టపై పొరలిన నీరు మట్టిని కోసి గండి చేయును. ఆ నీరంతయు ఒక్కుమ్మడిగా క్రింది చెరువుపై పడగా అదియు తెగును.

దీనికి గొప్ప నిదర్శనము హైదరాబాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో సుమారు 15,000 మంది మరణించిరని అంచనా. మరుసటి యేడు నిజాము ప్రభుత్వము పిలిపించిన ఇంజనీరు మన జిల్లావారే: ముద్దేనహళ్ళిలో జన్మించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. వారి పూర్వులు ఆంధ్రదేశమందలి మోక్షగుండమునుండి వచ్చిన తెలుగువారు. మూసీ పరీవాహక ప్రాంతమందలి 788 చెరువులలో 221 తెగినవని వారి నివేదిక తెలిపెను. నగరమునకు ఎగువ జలాశయములు కట్టవలెననియు, నదీతీరములను ఎత్తుచేసి ఉద్యానములుగా ఉంచవలెననియు వారు సూచించిరి. 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియైనవి.

అయినను 2020 అక్టోబరులో ఆ నగరముననే గుఱ్ఱంచెరువు కట్ట తెగి ఇండ్లలోనికి నీరు చేరెను. పెద్ద జలాశయము నదిని కాయగలదు. పేటలోని చెరువును మాత్రము ఆ పేటవారే కాచుకొనవలెను.

పూర్వము మన ఊళ్ళలో నీరుగంటి తూము తెఱచుట, మూయుట, కట్టను చూచుకొనుట చేసెడివాడు. నేడు ఆ పని అందరిది. కనుక మీకు మూడు విన్నపములు.

ఒకటి: ఇంటిస్థలము చౌకగా వచ్చుచున్నదని కొనకముందు, గ్రామపటములో అది చెరువు లోతట్టునగాని కాలువ దారిలోగాని ఉన్నదేమో చూడుడు. కాలువ ఎండినంత మాత్రమున దారి మరువదు.

రెండు: వానకాలమునకు ముందే ఊరివారు కలిసి అలుగులోని ముండ్లకంపను, కాలువలోని చెత్తను తీయించుడు. నీరెక్కువ నిలుచునను ఆశతో అలుగుపై రాళ్ళు, మట్టి పేర్చనీయకుడు. కట్టపై ఎలుక కన్నములు గాని, ఊటనీరు గాని కనబడిన వెంటనే పంచాయతీకి తెలుపుడు.

మూడు: ఒక ఆదివారము పిల్లలను వెంటబెట్టుకొని కట్టపై నడువుడు. తూము ఏది, అలుగు ఏది, ఆ నీరు ఏ ఊరి చెరువునకు పోవునో మన తెలుగులోనే చెప్పుడు. పుస్తకములో లేని ఈ పాఠము చెప్పవలసినవారు మీరే.

ఆ బాలిక చెప్పినది నిజమే. దారి కట్టివేసిన నాడు చెరువు తప్పక అలుగును. దానిని శాంతింపజేయుట అప్పుడు ఎవరితరమును కాదు.