నాటి సభ్యత – నేటి సభ్యత

మనము మన పూర్వులకంటె నాగరికులమా? ఈ ప్రశ్న పాఠశాలలలో వ్యాసరచనకు తరచుగా ఇచ్చునట్టిది. విద్యార్థులు వ్రాయు సమాధానము నాకు కంఠపాఠమైనది. రైలు, విమానము, విద్యుద్దీపము, సెల్‌ఫోను వారికి లేవు, మనకు కలవు. కావున మనమే నాగరికులము. అదే ప్రశ్న ఆ పిల్లల తాతగారల నడిగినచో సమాధానము తలక్రిందులగును. పూర్వము సత్యముండెను, ధర్మముండెను, ఇప్పుడున్నది కలికాలమే యందురు. మనుమడు వస్తువులను లెక్కించినాడు. తాత తాను చూడని కాలమును పొగడినాడు. దేనితో కొలువవలెనో ఇద్దరును చెప్పలేదు.

కొలత మన పదములలోనే యున్నది. నాగరికత యను మాట నగరమునుండి పుట్టినది. ఇంగ్లీషువారి సివిలిజేషన్ అను మాటకు కూడ మూలము పౌరుడు అను అర్థముగల లాటిను పదమే. కాని మనకు సభ్యత యను మరియొక మాట కలదు. సభయందు కూర్చుండదగినవాడు సభ్యుడు. కనుక ఒక కాలము ఎంత సభ్యమైనదో తెలియవలెనన్నచో, ఆ కాలమున సభలోను, భోజనపంక్తిలోను, నీటిరేవులోను ఎవరికి చోటు దొరకెనో, ఎవరిని వెలుపల నిలిపిరో చూడవలెను. ఇందుకు దూరదేశములకు పోనక్కరలేదు. మన కృష్ణాతీరమే చాలును.

కృష్ణ ఆవలి ఒడ్డున, తుళ్లూరు ప్రాంతమున, మందడము, వెలగపూడి, మల్కాపురము అను గ్రామములు ప్రక్కప్రక్కనే యున్నవి. 2016లో రాష్ట్ర సచివాలయము వెలగపూడికి వచ్చిన పిదప ఆ పేర్లు అందరి నోట నానినవి. కాని అంతకు ఏడున్నర శతాబ్దములకు పూర్వమే ఆ నేలపై ఒక ప్రజాసంస్థ వెలసెనని ఎరిగినవారు తక్కువ. మల్కాపురములో ఒక శిలాస్తంభమున్నది. దానిపై గల సంస్కృత శాసనము శక సంవత్సరము 1183, అనగా క్రీ.శ. 1261, దుర్మతి నామ సంవత్సరమునాటిది. కాకతీయ గణపతిదేవుడు తన గురువగు విశ్వేశ్వర శంభువునకు మందడమును ఇత్తునని పలుకగా, ఆయన కుమార్తె రుద్రమదేవి ఆ మాట నిలిపి, వెలగపూడిని, కృష్ణలోని లంకలను కూడ చేర్చి దాన మిచ్చెను. విశ్వేశ్వర శంభువు గౌడదేశమున పుట్టినవాడు, గోళకీ మఠాచార్యుడు. అది శైవసిద్ధాంత మఠము. మన వీరశైవ పరంపరకు చెందినది కాదు. ఈ భేదమును మరువరాదు. అయినను మంచిపని ఎవరు చేసినను మంచిపనియే.

ఆ గురువు తన కిచ్చిన గ్రామములలో దేవాలయమును, మఠమును, విద్యాలయమును, అన్నసత్రమును నెలకొల్పెను. ఋగ్యజుస్సామవేదములకు ముగ్గురు, వ్యాకరణము, సాహిత్యము, ఆగమము మున్నగు శాస్త్రములకు ఐదుగురు అధ్యాపకులు, ఒక వైద్యుడు, లెక్కలు వ్రాయుట కొక కాయస్థుడు నియమితులైరి. కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, మంగలి మొదలగు వృత్తులవారికి కూడ ఊరిలో స్థానము కల్పించెను. ఆదాయమును మూడు భాగములు చేసి, ఒకటి శివునకు, ఒకటి విద్యార్థుల భోజనమునకును మఠమునకును, మూడవది ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, విప్రసత్రమునకు కేటాయించెను. 13వ శతాబ్దిలో ప్రసూతిశాల! ప్రసవవేదన పడు స్త్రీకి ఒక కప్పు, ఒక మనిషి తోడు ఉండవలెనని రాతిపై చెక్కించిన కాలమును అనాగరికమనుటకు నోరు రాదు. అన్నసత్రము విషయమున శాసనము మరియొక మెట్టు పైకి పోయినది. బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు ఆకలిగొని వచ్చిన వారెవ్వరికైనను సర్వకాలములందు అన్నము పెట్టవలెనని నిర్ణయించినది.

ఈ శాసనమును చదివి, చూచితిరా, ఆ కాలము ఎంత గొప్పదో యని సభలలో చప్పట్లు కొట్టించుకొను వక్తలు కలరు. వారు మిగిలిన సగమును చదువరు. అందరికి అన్నము పెట్టుమన్న ఆ శాసనములోనే విప్రసత్రము వేరుగ నున్నది. చండాలుడను మాట ఒక మనిషి పుట్టుకకు చివరి మెట్టుగా నిలిచియున్నది. అతనికి అన్నము దొరకినది గాని, శాస్త్రము చెప్పు చోట కూర్చుండుటకు పీట దొరకెనని ఎక్కడను లేదు. అన్నము పెట్టుట దయ; ప్రక్కన కూర్చుండబెట్టుట సభ్యత. దయ గల కాలములన్నియు సభ్యమైన కాలములు కావు.

ఆ రెండవ మెట్టును ఎక్కజూచినది 12వ శతాబ్దిలోని కల్యాణము. బసవేశ్వరుని అనుభవ మంటపములో పడవ నడుపు అంబిగర చౌడయ్య, బట్టలుతుకు మడివాళ మాచయ్య, స్త్రీయగు అక్కమహాదేవి సమానముగా కూర్చుండి పలికిరని మన సంప్రదాయము. సభ్యుడను మాటకు నిఘంటువులోని అర్థము అక్కడ నిజమైనది. ఆ సభకు కలిగిన అంతము కూడ మన మెరుగుదుము. చర్మకారుడగు హరళయ్య కుమారునకు, బ్రాహ్మణ వంశజుడగు మధువరసు కుమార్తెకు వివాహము జరుగగా, బిజ్జలుడు ఆ తండ్రుల నిద్దరిని చిత్రవధ చేయించెనని కన్నడ గాథలు చెప్పుచున్నవి. అదే శతాబ్దిలో మన పలనాటియందు బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టించి అన్ని కులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టెను. ఆ పలనాడే కోడిపందెముతో రేగిన పగచే కారెంపూడిలో రక్తసిక్తమయ్యెను. (ఆ చాప కనుమరుగైనది గాని, కోడిపందెము మాత్రము ప్రతి సంక్రాంతికి న్యాయస్థానముల నిషేధములను దాటి మన జిల్లాలో నేటికిని జరుగుచున్నది.)

ఇక మన కాలమునకు వత్తము. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణముచే అస్పృశ్యతను రద్దు చేసినది. ఏ పూర్వరాజును ఇంతటి శాసనము వేయించలేదు. అయినను 1985 జూలై 17న, చీరాలకు సమీపముననున్న కారంచేడులో ఆరుగురు దళితులు హతులైరి. ఆ వైరమునకు మొదలు మంచినీటి చెరువు వద్ద జరిగిన తగవు. త్రాగు నీటిని పాడు చేయవలదన్న ఒక మాట, దానిని సహింపలేని ఒక అహంకారము. బ్రతికినవారు ఊరు విడిచి చీరాలకు పోయిరి. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో మరి ఎనిమిదిమంది హతులైరి. చంపినవారు అడవిలో నివసించువారు కారు. కాలువ నీటితో మూడు తరములు వరి పండించి, పిల్లలను కళాశాలలకు పంపిన డెల్టా గ్రామములవారు. ట్రాక్టరు, టెలివిజను, పక్కా ఇల్లు వచ్చిన పిదప జరిగిన పని యిది. వస్తువులను లెక్కించిన మా విద్యార్థి వ్యాసమునకు ఇంతకు మించిన ఖండనము లేదు.

అట్లని తాతగారి పక్షము వహింపలేము. 1832–33లో, నందన నామ సంవత్సరమున వచ్చిన కరువులో గుంటూరు జిల్లాలో సుమారు 5 లక్షల జనములో 2 లక్షలమంది వరకు నశించిరని లెక్కలు చెప్పుచున్నవి. ప్రక్కనే కృష్ణ సముద్రములోనికి పోవుచుండగా మనుష్యులు డొక్కలంటి చచ్చిరి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన తరువాత ఈ డెల్టా అంతటి కరువును మరల చూడలేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో పదివేలకు పైబడి ప్రాణములను బలిగొన్నది. 1990 మే నెలలో అందుకు తీసిపోని తుపాను ఇదే తీరమును తాకగా, ముందుగ హెచ్చరించి లక్షలాది జనమును తరలించుటచే మృతులసంఖ్య వేయికి లోపుననే నిలిచినది. పదమూడు సంవత్సరములలో అధికారులును ప్రజలును నేర్చుకొన్న పాఠమది. ఇది యంత్రముల గొప్ప మాత్రమే కాదు. సోర్లగొంది చివర గుడిసెలోనున్న జాలరి ప్రాణము కూడ లెక్కలోనికి వచ్చుననుట అందులో నున్నది.

తుపాను మాట వచ్చినది గనుక మోటుపల్లి అభయశాసనమును చెప్పక పోరాదు. శక సంవత్సరము 1166, క్రీ.శ. 1244లో గణపతిదేవుడు వేయించినది. గాలివానకు కొట్టుకొనివచ్చి రేవు తప్పి పగిలిన ఓడలలోని సరకునంతయు పూర్వపు రాజులు బలాత్కారముగ లాగుకొనుచుండిరనియు, తాను నిర్ణీతమైన సుంకము తప్ప మరేమియు తీసికొననియు ఆ రాజు పరదేశపు వర్తకులకు మాట యిచ్చెను. ధనము ప్రాణముకంటె ప్రియమైన దగుటచే, సముద్రమునకు తెగించి వచ్చినవారిపై దయతలచి యిట్లు చేసితినని కారణము కూడ చెప్పెను. ఆపదలోనున్న వానిని దోచుట పూర్వాచారము. దానిని రాజు తన చేతితో కొట్టివేసెను. అనగా ఆ పూర్వులకును పూర్వులుండిరి, వారి ఆచారములలో కొన్ని విడువదగినవని ఆ పూర్వులే తెలిసికొనిరి. ప్రాచీనమైనదంతయు పూజ్యమనువారు గణపతిదేవుని ఏ పక్షమున చేర్చుదురో తెలియదు.

మధ్యాహ్న భోజనమును గూర్చి ఒక మాట. 2003 నుండి మన ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలందరికి వండిన అన్నము పెట్టుచున్నారు. పప్పు పలుచనైనదని పిల్లల ఫిర్యాదు ఎప్పుడును ఉన్నదే. కాని ఆ వరుసలో ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండిరో ఏ పిల్లవాడును చూడడు. మల్కాపురమున ఒక ఆచార్యుడు ఒక ఊరికి చేసినదానిని నేడు ఊరూర చేయుచున్నాము, విప్రసత్రమును వేరుచేయకుండ. ఆ పిల్లలే పెద్దవారై పెండ్లిపందిరిలో కూర్చుండునప్పుడు వరుసలు ఎట్లు విడిపోవుచున్నవో, అది పాఠశాలలో నేర్పిన విద్య మాత్రము కాదు. ఇంటిలో నేర్పినది. లింగధారణమునకు కులము లేదని పిల్లలకు చెప్పి, సంబంధము కుదుర్చునప్పుడు మొదట శాఖను అడుగు ఇండ్లు మనలోను కలవు. 1961లోనే నిషేధమైన కట్నమును గూర్చి నేను వ్రాయనక్కరలేదు.

స్త్రీల విషయమున మన ఉయ్యూరు వీరమ్మ కథ తలచుకొందము. భర్త చింతయ్యను అధికారము గల యొకడు చంపించగా ఆమె సహగమనము చేసెనని చెప్పుదురు. ఏటేట మాఘమాసపు తిరునాళ్లలో వేలజనము ఆమెకు మ్రొక్కుచున్నారు. మ్రొక్కుట సరియే. కాని చంపినవాడు నిలువవలసిన సభ ఒకటి ఆనాడు ఊరిలో లేకపోవుటచే గదా, అన్యాయమునకు గురియైన స్త్రీయే అగ్నిలో దిగవలసివచ్చినది! సహగమనమును 1829లో బెంగాలులో చట్టముచే నిషేధించిరి. అయినను 1987 సెప్టెంబరులో రాజస్థానములోని దేవరాలలో పదునెనిమిదేండ్ల యువతి చితిపై కాలిపోగా, చూచుటకు జనము గుమికూడిరి. ఆ జనములో చదువుకొన్నవారును ఉండిరి. ఆ యేడే మరల క్రొత్త చట్టము చేయవలసివచ్చినది.

ఆ తిరునాళ్లలోనే సిడిబండి ఉత్సవము కూడ కలదు. పూర్వము సిడి యనగా మనిషి వీపునకు ఇనుప కొక్కెము గ్రుచ్చి, పొడవైన మ్రానునకు వ్రేలాడదీసి త్రిప్పుట. ఈ ఆచారము దక్షిణదేశమున అనేక గ్రామములలో నుండెను. నేడు మన ఊరిలో యువకుని సిడిబుట్టలో కూర్చుండబెట్టి త్రిప్పుదురు. అమ్మవారు మారలేదు, మ్రాను మారలేదు, డప్పు మారలేదు. కొక్కెము మాత్రము పోయి, దాని స్థానమున బుట్ట వచ్చినది.