శక్తి ప్రాసెసర్: గీత మనది, అచ్చు ఎవరిది?

సెమీకండక్టర్ల మీద ఏ వార్త వచ్చినా ‘స్వదేశీ చిప్’ అనే మాట వినిపిస్తుంది. గ్రూప్-1, గ్రూప్-2, సివిల్స్ అభ్యర్థులు తడబడేదీ ఈ మాట దగ్గరే. ఆదేశాల సమితి, డిజైన్, తయారీ... ఈ మూడింటిలో ఏది స్వదేశీ? ఒక సాంకేతిక విద్యాసంస్థలో మొదలైన పరిశోధన దేశ అవసరం తీర్చే వస్తువుగా ఎలా మారుతుంది? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పగల మంచి ఉదాహరణ ఐఐటీ మద్రాస్ రూపొందించిన శక్తి ప్రాసెసర్ల కుటుంబం.

నేపథ్యం

ఐఐటీ మద్రాస్ 1959లో పశ్చిమ జర్మనీ సహకారంతో ఏర్పడింది. ఇక్కడి కంప్యూటర్ సైన్స్ విభాగంలోని రైజ్ గ్రూప్ 2014లో శక్తి ప్రాజెక్టును చేపట్టింది. దీనికి సారథి ప్రొఫెసర్ వి.కామకోటి. ఆయన 2022 జనవరిలో ఆ సంస్థ డైరెక్టర్ అయ్యారు. కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక మంత్రిత్వ శాఖ ఈ పరిశోధనకు నిధులిచ్చింది.

మార్కెట్లో ప్రాసెసర్లకు కొరత లేనప్పుడు కొత్తగా ఎందుకు తయారుచేసుకోవాలి? మొదటి కారణం లైసెన్సు. డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్‌లలో చాలాకాలంగా రాజ్యమేలుతున్న ఎక్స్86 ఆదేశాల సమితి ఇంటెల్, ఏఎండీల చేతిలో ఉంది. మొబైల్ ఫోన్లలో వాడే ఆర్మ్ సమితికి రుసుము చెల్లించి లైసెన్సు తీసుకోవాలి. రెండో కారణం భద్రత. 2018 జనవరిలో బయటపడిన మెల్ట్‌డౌన్, స్పెక్టర్ లోపాలు సాఫ్ట్‌వేర్‌లోవి కావు, ప్రాసెసర్ పనిచేసే తీరులోనే ఉన్నవి. లోపలి డిజైన్ చూసే వీలు లేనప్పుడు వాడేవారు తయారీదారు మాటను నమ్మాల్సిందే. రక్షణ, అంతరిక్షం, విద్యుత్ గ్రిడ్ లాంటి రంగాల్లో ఆ నమ్మకం ఒక్కటే చాలదు.

మూడు అంచెలు

ప్రాసెసర్‌ను అర్థం చేసుకోవాలంటే మూడు అంచెలను విడదీసి చూడాలి. లిపి అందరిదీ, పుస్తకం రచయితది, అచ్చు ముద్రణాలయానిది. చిప్ సంగతీ అంతే.

1. ఆదేశాల సమితి: ప్రాసెసర్‌కు అర్థమయ్యే ప్రాథమిక ఆదేశాల జాబితా. దీన్నే ఇన్‌స్ట్రక్షన్ సెట్ ఆర్కిటెక్చర్ అంటారు. శక్తి వాడేది రిస్క్-ఫైవ్. ఇది 2010లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీలో పుట్టింది. క్రిస్టె అసనోవిచ్, డేవిడ్ ప్యాటర్సన్ దీనితో ముడిపడిన ప్రముఖులు. దీన్ని వాడుకోవడానికి ఎవరికీ రుసుము చెల్లించనక్కర్లేదు. ప్రమాణాలను చూసుకునే రిస్క్-ఫైవ్ ఇంటర్నేషనల్ సంస్థ స్విట్జర్లాండ్‌లో నమోదైంది.

2. డిజైన్: ఆ ఆదేశాలను అమలుచేసే సర్క్యూట్ల రూపకల్పన. శక్తిలో ఈ పని ఐఐటీ మద్రాస్‌ది. ఈ డిజైన్‌ను ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. అంటే ఇతర కాలేజీలు, కంపెనీలు కూడా దాన్ని పరిశీలించవచ్చు, మార్చుకోవచ్చు, తమ ఉత్పత్తుల్లో వాడుకోవచ్చు.

3. తయారీ: డిజైన్‌ను సిలికాన్ పొర మీదికి ఎక్కించే పని. ఇది ఫ్యాబ్‌లో జరుగుతుంది. తర్వాత చిప్‌ను కోసి, తొడుగు వేసి, పరీక్షించే ప్యాకేజింగ్ దశ ఉంటుంది.

కాబట్టి శక్తి విషయంలో ఆదేశాల సమితి ప్రపంచమంతటికీ తెరిచి ఉన్నది, డిజైన్ స్వదేశీ. తయారీ మాత్రం చిప్‌ను బట్టి మారుతుంది.

శక్తి కుటుంబంలో తరగతులు

- ఈ-క్లాస్: మూడు దశల పైప్‌లైన్ (ఆదేశాన్ని దశలవారీగా అమలుచేసే ఏర్పాటు) ఉన్న చిన్న ప్రాసెసర్. స్మార్ట్ కార్డులు, సెన్సర్లు, ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్ పరికరాలకు.
- సీ-క్లాస్: ఐదు దశల పైప్‌లైన్. పారిశ్రామిక నియంత్రణ లాంటి మధ్యస్థాయి పనులకు.
- ఐ-క్లాస్: ఆదేశాలను వరుస మార్చి కూడా అమలుచేయగల డిజైన్. ఎక్కువ వేగం కావాల్సిన కంప్యూటింగ్‌కు.

వీటితో పాటు ఒకటికి మించిన కోర్లుండే రకాలు, భద్రత కోసం, లోపాలను తట్టుకోవడం కోసం చేస్తున్న ప్రయోగాత్మక రకాలు కూడా ఉన్నాయి.

ప్రయోగశాల నుంచి సిలికాన్ దాకా

2018 – రైస్‌క్రీక్: అమెరికాలోని ఓరెగాన్‌లో ఇంటెల్ ఫ్యాబ్‌లో 22 నానోమీటర్ల సాంకేతికతతో తయారైంది. డిజైన్ చెన్నైది, తయారీ విదేశానిది.

2018 – రిమో: సెమీ-కండక్టర్ లేబొరేటరీ, అంటే ఎస్‌సీఎల్‌లో 180 నానోమీటర్ల సాంకేతికతతో తయారైంది. ఇక్కడ డిజైన్, తయారీ రెండూ దేశంలోనే జరిగాయి.

2020 – మౌషిక్: ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్ అవసరాల కోసం ఎస్‌సీఎల్‌లోనే తయారైన చిప్.

2025 ఫిబ్రవరి – ఐరిస్: అంతరిక్ష అవసరాల కోసం ఇస్రో, ఐఐటీ మద్రాస్ కలిసి రూపొందించిన కంట్రోలర్. ఆలోచన తిరువనంతపురంలోని ఇస్రో ఇనర్షియల్ సిస్టమ్స్ యూనిట్‌ది. తయారీ ఎస్‌సీఎల్‌లో, ప్యాకేజింగ్ కర్ణాటకలోని టాటా అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్‌లో జరిగింది. మదర్‌బోర్డు గుజరాత్‌లో తయారైంది. చివరికి చిప్‌ను ఐఐటీ మద్రాస్‌లో విజయవంతంగా బూట్ చేశారు.

ఈ నాలుగింటిలో పరీక్షకు ముఖ్యమైనది ఐరిస్. ఇందులో వేగం కంటే చెప్పుకోదగ్గది, డిజైన్ నుంచి బోర్డు దాకా గొలుసంతా దేశంలోనే పూర్తికావడం.

180 నానోమీటర్లంటే పాతబడిన సాంకేతికతే కదా అన్న సందేహం సహజం. ఫోన్లకు, కృత్రిమ మేధ సర్వర్లకు అది సరిపోదు. రాకెట్ నియంత్రణకు మాత్రం అంత వేగం అక్కర్లేదు. రేడియేషన్‌ను, ఉష్ణోగ్రతల్లో మార్పులను తట్టుకుని ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేయడమే అక్కడ కావాల్సింది. ట్రాన్సిస్టర్లు మరీ చిన్నవైతే ఒక్క రేణువు తాకినా నిల్వ ఉన్న బిట్ తారుమారయ్యే ప్రమాదం పెరుగుతుంది.

ఎస్‌సీఎల్: ఒక పాఠం

మొహాలీలోని ఎస్‌సీఎల్‌కు 1976లో కేంద్రం ఆమోదం తెలిపింది. 1980లలో ఉత్పత్తి మొదలైంది. 1989లో జరిగిన అగ్నిప్రమాదం ఆ సంస్థను బాగా దెబ్బతీసింది. తర్వాత అంతరిక్ష విభాగం కిందికి వెళ్లి, 2022లో ఎలక్ట్రానిక్స్ మంత్రిత్వ శాఖ పరిధిలోకి వచ్చింది. ఇక్కడ తరం మార్పుకు తగ్గ పెట్టుబడి కొనసాగి ఉంటే, మన డిజైనర్లు చిన్న నానోమీటర్ల చిప్‌ల కోసం విదేశీ ఫ్యాబ్‌ల వైపు చూడాల్సిన అవసరం ఇంతగా ఉండేది కాదు.

తికమక పెట్టే పేర్లు

- శక్తి: ఐఐటీ మద్రాస్. రిస్క్-ఫైవ్.
- వేగ: సీడాక్. రిస్క్-ఫైవ్.
- అజిత్: ఐఐటీ బాంబే. స్పార్క్ ఆదేశాల సమితి.
- విక్రమ్ 3201: విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం, ఎస్‌సీఎల్ కలిసి రూపొందించిన 32 బిట్ ప్రాసెసర్. ప్రయోగ వాహనాల కోసం. ఆదేశాల సమితి సొంతంగా రూపొందించుకున్నది.

విక్రమ్, ఐరిస్ రెండూ అంతరిక్షానికి సంబంధించినవే అయినా రెండోదే రిస్క్-ఫైవ్ ఆధారితం. బిట్ పేపర్‌లో పొరపాటు జరిగేది ఇక్కడే.

ప్రభుత్వ పథకాలు

డిజిటల్ ఇండియా రిస్క్-ఫైవ్ కార్యక్రమం 2022 ఏప్రిల్‌లో మొదలైంది. శక్తి, వేగ రెండూ దీని గొడుగు కిందివే. ఇండియా సెమీకండక్టర్ మిషన్‌కు 2021 డిసెంబరులో రూ.76,000 కోట్లతో ఆమోదం లభించింది. డిజైన్ సంస్థలకు ఊతమిచ్చే డిజైన్ ఆధారిత ప్రోత్సాహక పథకం కూడా ఉంది. చిప్స్ టు స్టార్టప్ కార్యక్రమం లక్ష్యం 85,000 మంది ఇంజినీర్లకు చిప్ డిజైన్‌లో శిక్షణ.

తయారీ వైపు, గుజరాత్‌లోని ధోలేరాలో టాటా సంస్థ తైవాన్‌కు చెందిన పీఎస్‌ఎంసీతో కలిసి ఫ్యాబ్ నిర్మించేందుకు 2024 ఫిబ్రవరిలో అనుమతి వచ్చింది. 2025 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఆమోదించిన నాలుగు ప్రాజెక్టుల్లో ఒకటి ఆంధ్రప్రదేశ్‌కు దక్కింది. దక్షిణ కొరియా సంస్థ సాంకేతిక సహకారంతో ఏటా 9.6 కోట్ల యూనిట్ల సామర్థ్యం ఉండే ఈ ప్రాజెక్టు సిస్టమ్ ఇన్ ప్యాకేజ్ రకానికి చెందినది. పైన చెప్పుకున్న మూడో అంచెలోని ప్యాకేజింగ్ దశకు చెందుతుంది. దీన్ని ఫ్యాబ్ అని రాస్తే తప్పు.

పరిశోధన నిధులు, మార్కెట్ మధ్య అగాధం

విద్యాసంస్థ పని నమూనా చిప్ దగ్గర ఆగిపోతుంటుంది. దాన్ని లక్షల సంఖ్యలో అమ్మదగ్గ ఉత్పత్తిగా మార్చడానికి పెట్టుబడి, పరీక్షలు, సాఫ్ట్‌వేర్, కొనేవారు కావాలి. ఈ ఖాళీని పూరించే ఒక దారి స్టార్టప్‌లు. ఐఐటీ మద్రాస్ అండతో ఎదిగిన మైండ్‌గ్రోవ్ టెక్నాలజీస్ 2024లో 700 మెగాహెర్ట్జ్ వేగంతో పనిచేసే రిస్క్-ఫైవ్ చిప్‌ను విడుదల చేసింది. రైజ్ గ్రూప్‌లో పనిచేసినవారే స్థాపించిన సంస్థ ఇన్‌కోర్ సెమీకండక్టర్స్.

రెండో దారి ప్రభుత్వ నిధి. అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ చట్టం 2023లో వచ్చింది. దాని పాలక మండలికి ప్రధానమంత్రి అధ్యక్షులు. పాత సెర్బ్ (సైన్స్ అండ్ ఇంజినీరింగ్ రీసెర్చ్ బోర్డు) ఇందులో విలీనమైంది. పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణల కోసం రూ.లక్ష కోట్ల పథకాన్ని కేబినెట్ 2025 జులైలో ఆమోదించింది. సాంకేతిక సంసిద్ధత స్థాయి 4, ఆపైన ఉన్న ప్రాజెక్టులకు తక్కువ వడ్డీకో, వడ్డీ లేకుండానో దీర్ఘకాలిక రుణాలివ్వడం దీని ఉద్దేశం. ఆ స్థాయి సుమారుగా ప్రయోగశాలలో నిరూపణ అయిన దశ. అంటే సరిగ్గా విద్యాసంస్థలు ఆగిపోయే చోటు. అయినా 2020-21 లెక్కల ప్రకారం పరిశోధనపై దేశం పెట్టే ఖర్చు స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతమే.

మెయిన్స్ కోణం

‘స్వదేశీ మైక్రోప్రాసెసర్లు సాంకేతిక స్వావలంబనకు ఎంతవరకు దోహదపడతాయి?’ అని అడిగితే, ముందుగా మూడు అంచెలను వేరుచేసి రాయాలి. శక్తి రెండో అంచెలో మన సామర్థ్యాన్ని నిరూపించింది. మొదటి అంచెలో ఎవరూ మూసేయలేని దారిని ఎంచుకుంది. మూడో అంచెలో ఎస్‌సీఎల్‌కు మించి ఇంకా వెళ్లాలి. ఆ తర్వాత పరిమితులు చూపాలి: చిప్ డిజైన్‌కు వాడే సాఫ్ట్‌వేర్ పరికరాల్లో సినాప్సిస్, కేడెన్స్ లాంటి విదేశీ సంస్థల ఆధిపత్యం, ఎక్స్86, ఆర్మ్‌లతో పోలిస్తే రిస్క్-ఫైవ్‌కు అప్లికేషన్లు తక్కువగా ఉండటం, ప్రభుత్వ కొనుగోళ్ల హామీ లేకపోవడం. ముగింపులో, రక్షణ, అంతరిక్షం, స్మార్ట్ మీటర్ల లాంటి రంగాల్లో తొలి కొనుగోలుదారుగా ప్రభుత్వమే ముందుకు రావాలని సూచించవచ్చు. ఐరిస్ విషయంలో ఇస్రో పోషించిన పాత్ర ఇదే. అవసరం ముందే తెలిసినందువల్ల ఆ పరిశోధన గమ్యం చేరింది.

ప్రాక్టీస్ బిట్లు

1. శక్తి ప్రాసెసర్ ఏ ఆదేశాల సమితిపై ఆధారపడింది? – రిస్క్-ఫైవ్
2. అజిత్ మైక్రోప్రాసెసర్‌ను రూపొందించిన సంస్థ? – ఐఐటీ బాంబే
3. శక్తి చిప్‌లలో ఇంటెల్ ఫ్యాబ్‌లో తయారైనది? – రైస్‌క్రీక్
4. ఐరిస్ చిప్ రూపకల్పనలో ఐఐటీ మద్రాస్‌తో కలిసి పనిచేసిన సంస్థ? – ఇస్రో
5. ‘శక్తిలో ఆదేశాల సమితి కూడా భారత్‌లోనే రూపొందింది’ – ఈ వాక్యం సరైనదా? – కాదు, అది బర్కిలీలో రూపొందింది