సమ్మెకు ముందు ఓటు

సమ్మె యనగా కార్మికులందరును కలసి ఒక్కమారు పని మానుట. మానిన దినములకు కూలి రాదు. ఇంటిలో పొయ్యి వెలుగుట కష్టమగును. ఇంతటి భారమును ప్రతి కుటుంబముపై మోపు నిర్ణయమును ఎవరు చేయవలెను? నాయకులా? సభలో బిగ్గరగా అరచినవారా? సభ్యులందరునా? బ్రిటను దేశపు బొగ్గుగని కార్మికుల చరిత్రలో దీనికి జవాబు కలదు.

1984 మార్చిలో అచ్చటి ప్రభుత్వ బొగ్గు సంస్థ సుమారు 20 గనులను మూయుదుమని ప్రకటించెను. 20,000 మంది జీవనాధారము పోవు స్థితి వచ్చెను. యార్కుషైరు మున్నగు ప్రాంతముల కార్మికులు వెంటనే పని మానిరి. దేశమంతట సమ్మె చేయుటకు సభ్యుల ఓటు కావలెనని సంఘ నిబంధన. అంతకుముందు 1982, 1983లలో సభ్యులు ఓటువేసి సమ్మెను కాదనియుండిరి. ఈసారి నాయకులు దేశవ్యాప్తపు ఓటు తీసికొనలేదు. భద్రమైన గనులలోనివారు తమ ఓటుతో ఇతరుల ఉపాధిని తీసివేయరాదని వారి వాదము. అందు న్యాయము లేకపోలేదు. కాని తమ్ము అడుగలేదను కారణమున నాటింగుహాంషైరు కార్మికులలో పెక్కుమంది గనులలోనికి పోయిరి. సంఘము చీలెను. ఏడాది కష్టములకోర్చిన కార్మికులు 1985 మార్చిలో ఒప్పందమేమియు లేకయే పనికి మరలిరి. ప్రభుత్వము ముందే బొగ్గు నిల్వచేసికొనుటయు ఓటమికి ఒక కారణము. అయినను చీలిక వారి బలమును మరింత తగ్గించెను.

సమ్మెకు ముందు రహస్య ఓటు తీసికొనవలెనని 1984లోనే అచ్చట చట్టము వచ్చెను. ఓటు కాగితము తపాలాలో ఇంటికి పంపవలెననియు, సంఘమునకు చెందని తనిఖీదారు ఓటింగును పరిశీలించవలెననియు 1993లో మరియొక చట్టము విధించెను. ఇంటిలో ఒంటరిగా గుర్తు పెట్టువానికి యజమాని భయము లేదు, తోటివారి మొగమాటమును లేదు.

మన దేశమున 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము ప్రజోపయోగ సేవలలో సమ్మెకు ముందు నోటీసును కోరెను గాని, ఓటును కోరలేదు. అయినను సంఘములు స్వయముగా ఓటు తీసికొనుట కలదు. 2023 నవంబరులో రైల్వే కార్మిక సంఘములు పాత పింఛను పద్ధతికై సమ్మెపై ఓటింగు జరిపినవి. అంతమాత్రమున రైళ్లు ఆగలేదు. ఓటు సమ్మెకు అనుమతియే గాని ఆజ్ఞ కాదు. అది చేతనుండగా చర్చలలో సంఘపు మాటకు బరువు పెరుగును.

మన పల్లెలనుండి గనులకు, మిల్లులకు పోయి పనిచేయువారెందరో కలరు. సమ్మె మాట వచ్చినపుడు వారు మూడు విషయములు విచారింపవలెను: అడిగిన ప్రశ్న స్పష్టముగ నున్నదా? సభ్యుల జాబితా సరిగా నున్నదా? ఓట్లను అందరు నమ్మునట్లు లెక్కించుచున్నారా? ఇట్లు జరిగిన ఓటులో ఓడినవారును గెలిచినవారితో కలసి నడువగలరు. సంఘమునకు అదియే బలము.